ఇంటిపేరు ఇనిషియల్ అయిపోతే తాతలు దొరకరు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఏ ఊళ్లో పెళ్లికి వెళ్లినా పెద్దవాళ్లు ముందు అడిగేది ఒకటే. "మీ ఇంటిపేరేంది బిడ్డా?" అది చెప్పగానే లెక్క మొదలవుతుంది. ఎవరి పాలోళ్లు, ఎవరి అల్లుడు, మనకు వరసేంది? రెండు నిమిషాల్లో మీరు వాళ్లకు బావో, తమ్ముడో, మనవడో అయిపోతారు. ఫోన్‌లో వెయ్యి కాంటాక్టులున్నా మనకు చేతకాని పని ఇది.

ఇప్పుడు మనలో చాలామంది దగ్గర ఆ ప్రశ్నకు ఉన్న జవాబు ఒక్క అక్షరం. 'కె.' లేదా 'ఎం.' అంతే. పాస్‌పోర్ట్ ఫారంలో సర్‌నేమ్ అడిగితే కొందరు రెడ్డి, గౌడ్, యాదవ్ అని రాస్తారు. ఇంకొందరు నాన్న పేరు పెడతారు. రేపు పిల్లల కాగితాల్లోనూ అదే ఎక్కుతుంది. మూడో తరానికి ఇంటిపేరు మాయం.

పోతే ఏమైందంటారా? చాలా ఇంటిపేర్లలో ఒక ఊరు దాగి ఉంటుంది. ఉన్న ఊళ్లో ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు కదా! వేరేచోటికి వెళ్లాకే "ఫలానా ఊరోళ్లు" అంటారు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. సొంతూరు బూర్గుల పేరే ఆయనకు స్థిరపడింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టింది తిరుత్తణిలో. కానీ ఆ కుటుంబం మూలాలు నెల్లూరు జిల్లా సర్వేపల్లిలో ఉన్నాయని ఇంటిపేరే చెబుతుంది.

అయితే తొందరపడొద్దు. ఇంటిపేరు 'కీసర' అనుకోండి. మేడ్చల్ జిల్లాలో కీసరగుట్ట ఉన్న కీసర ఒకటి. విజయవాడ హైవే మీద, కంచికచర్ల దగ్గర ఇంకో కీసర ఉంది. మీ తాతలది ఏది? 'చింతల' అంటే చింతచెట్లా, లేక మన మూడుచింతలపల్లి లాంటి ఊరా? పేరు చూసి అర్థం చెప్పేయడం తేలిక, రుజువు చేయడం కష్టం. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లోనూ ఉంటుంది. కాబట్టి పేరు కలిసిందని చుట్టరికం కలిసినట్టు కాదు. ఇంటిపేరు, ఊరు, తాత పేరు, మూడూ కలిస్తేనే దారి దొరికినట్టు.

ఆ దారిలో మొదటి మజిలీ భూమి కాగితాలు. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎవరి సాగు అని ఉంటుంది. తహసీల్దార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకంటే పాతవి చాలావరకు ఉర్దూలో ఉంటాయి. వాటిలో "మల్లయ్య వల్ద్ ఎల్లయ్య" అని కనిపిస్తుంది. వల్ద్ అంటే కొడుకు. చాలాచోట్ల ఇంటిపేరే ఉండదు. ఒక ఊళ్లో ఎల్లయ్య కొడుకు మల్లయ్యలు ఇద్దరుంటే ఎవరు ఎవరో తేల్చేది ఊళ్లో పెద్దల నోటి మాటే. ఎకరం కోట్లు పలికే చోట ఇది సరదా సంగతి కాదు. విరాసత్ కోసం తిరిగే కుటుంబాలకు ఈ తలనొప్పి బాగా తెలుసు.

వెతికేటప్పుడు జిల్లా పేరు కూడా గుర్తుంచుకోండి. నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. తర్వాత హైదరాబాద్ జిల్లా, 1978లో రంగారెడ్డి, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి. ఊరు కదల్లేదు, కాగితం మీద జిల్లా మారుతూ వచ్చింది. పాత ప్రభుత్వ రికార్డుల కోసం తార్నాకలో రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారం, అదే స్టేట్ ఆర్కైవ్స్ ఉంది.

కాగితం లేని రోజుల్లో ఈ లెక్కను నోటితో మోసినవాళ్లున్నారు. గొల్లలకు, కాపులకు గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే పిచ్చకుంట్ల వాళ్లను ఇప్పుడు వంశరాజ్‌లు అంటున్నాం. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజ్‌లకు కాకిపడగల వాళ్లు పటం విప్పి కుల కథ చెప్పేవారు. ఇంటింటి వంశం వాళ్లకు నోటికొచ్చు. చెప్పించుకునే ఇళ్లు తగ్గాయి, చెప్పేవాళ్లూ తగ్గారు.

ఇంకో పెద్ద ఖాళీ ఆడవాళ్లది. పెళ్లితో అమ్మ ఇంటిపేరు మారింది. అమ్మమ్మ పుట్టింటి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఇంటిపేరు పట్టుకుని పైకెక్కితే దొరికేది నాన్న వైపు గీత ఒక్కటే, సగం చెట్టు కనబడదు. 2005 చట్ట సవరణ తర్వాత హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది. ఆ హక్కు అడిగే రోజున "ఈమె ఫలానా ఇంటి ఆడబిడ్డే" అని చెప్పే కాగితం కావాలి. అమ్మ స్కూల్ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరుంటే దాన్ని భద్రంగా దాచండి.

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక, జీనోమ్ వ్యాలీ పెరిగాక ఇక్కడి పొలాలు ప్లాట్లయ్యాయి. పొలం అమ్మినవాళ్లు కొంపల్లికో, సుచిత్రకో మారారు. "ఆ ఇంటోళ్లా? వాళ్ల తాత మా బావిగడ్డ పక్కనే ఉండె" అని చెప్పే పెద్దలు ఏటా తగ్గుతున్నారు. భూమి రికార్డు ఆఫీసులో ఉంటుంది, ఈ మాటకు మాత్రం రెండో కాపీ లేదు.

ఈసారి బోనాలకో, దసరాకో ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి నాలుగే ప్రశ్నలు అడగండి. తాత తండ్రి పేరేంది? ఏ ఊరి నుంచి వచ్చాం? నానమ్మ, అమ్మమ్మల పుట్టింటి పేర్లేంది? పాలోళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? విన్నది రాసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి, తప్పుంటే మీ మేనత్తే సరిచేస్తుంది. తర్వాత ఏ ఫారం నింపినా ఇంటిపేరును పూర్తిగా రాయండి.