అచ్చు మార్చాల్సింది తాత యంత్రానికి కాదు

మొన్న సంక్రాంతికి ఇల్లు సున్నం వేయిస్తూ అటక దులిపితే మా తాత యంత్రం బయటపడ్డది. ఇనుప చట్రం, పక్కన పొడుగాటి పిడి, కింద అచ్చు. పాత గోనెసంచిలో డజనుకు పైగా ఇత్తడి డొల్లలు. మా తాతకు 16 బోరు తుపాకి ఉండేది. పేలిన డొల్లను పారేయకుండా ఈ యంత్రం మీద మళ్ళీ నింపి వాడుకునేవాడు. ఆ తుపాకి నేను పుట్టకముందే సర్కారుకు అప్పజెప్పినారు. యంత్రం మాత్రం అటకెక్కి అట్లనే ఉండిపోయింది.

పండుగకు అమెరికా నుంచి మా అన్న కొడుకు వచ్చిండు. టెక్సాస్‌లో ఉద్యోగం. తుప్పు గీకి చూసి, “బాబాయ్, చట్రం ఉక్కులాగ ఉంది. అచ్చు మార్చుకుంటే నీ 12 బోరుకు సరిపోతది. మా దగ్గర చాలామంది ఇంట్లోనే నింపుకుంటారు” అన్నడు. నా దగ్గర మా నాయిన నుంచి వచ్చిన 12 బోరు తుపాకి ఉన్నది, పంట రక్షణ లైసెన్సుతో. తూటా ధర ఏటేటా పెరుగుతున్నది. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది.

బోరు అంటే ఏందో తెలియని వాళ్ళ కోసం ఒక మాట. ఒక పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే అందులో ఒక్క గుండు ఎంత లావుంటదో, 12 బోరు గొట్టం అంత వెడల్పు. 16 గుండ్లు పోస్తే గుండు చిన్నదైతది కాబట్టి 16 బోరు సన్నం. మొదటిది సుమారు 18.5 మిల్లీమీటర్లు, రెండోది 17 కన్నా కొంచెం తక్కువ. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. కానీ సన్న తూటా పొరపాటున పెద్ద గొట్టంలోకి జారి మధ్యల ఇరుక్కుని, దాని వెనక ఇంకోటి పెట్టి పేలిస్తే గొట్టం పగిలి పేల్చినవాని చెయ్యో కన్నో పోతది. అంటే ఇది నాగలి కర్రు మార్చినంత సులువు పని కాదు.

చట్టం సంగతి ఇంకా గట్టిది. మన సంఘం వకీలును అడిగితే 1959 ఆయుధాల చట్టం తీసి చూపించిండు. లైసెన్సు లేకుండా తుపాకి గానీ తూటా గానీ తయారు చేయకూడదని ఐదో సెక్షన్ అంటది. అంతకన్నా విచిత్రం, తూటాలు తయారు చేసే యంత్రాన్ని కూడా ఆ చట్టం మందుగుండు కిందనే లెక్కగట్టింది. అంటే మా అటక మీద ఉన్నది తుప్పు పట్టిన ఇనుము అని నేననుకుంటే, చట్టం లెక్కలో అది మందుగుండు! అనుమతి లేని తయారీకి 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్ళు, పెద్దది యావజ్జీవం. నాలుగు తూటాల పైసలు మిగుల్చుకోబోయి ఏడేళ్ళు జైలుకు పోయే తెలివి మనకొద్దు. వకీలును వెంటబెట్టుకుని యంత్రం, డొల్లలు రెండూ ఠాణాలో రాతపూర్వకంగా అప్పజెప్పి రసీదు తెచ్చుకున్న.

యంత్రం పోయింది, పందులు మాత్రం పోలేదు. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

మాది నల్లమల అంచున ఉన్న ఊరు. మొక్కజొన్న గింజ పాలు పట్టిందంటే, పల్లికాయ ఊరిందంటే మంద దిగుతది. ఒక్క రాత్రిలో ఎకరం దున్నినట్టు చేసి పోతది. మంచె మీద నిద్ర లేదు, డబ్బాలు కొట్టి కొట్టి చేతులు పోయినయి. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు తుపాకులన్నీ ఠాణాలో పెట్టమన్నరు. పెట్టినం. పల్లిచేను కాపలాకు ఇచ్చిన తుపాకి పల్లిచేను ఉన్నన్ని రోజులూ ఠాణాలోనే ఉన్నది. పందులకు ఎన్నికల కోడ్ లేదు కదా!

దిక్కుతోచని రైతు ఏం చేస్తున్నడు? చేను చుట్టూ తీగ కట్టి నేరుగా కరెంటు ఇస్తున్నడు. మా పక్క ఊళ్ళో పోయినేడు ఒక కౌలురైతు రాత్రి నీళ్ళు కట్టడానికి పోతూ పక్క చేను తీగ తగిలి చనిపోయిండు. ఆయన ఇల్లు కూలింది, తీగ కట్టినాయన జైలుకు పోయిండు. ఇద్దరూ ఎకరం రెండెకరాల వాళ్ళే. పంది మాత్రం ఇంకో గట్టు దాటి పోయింది. తెలంగాణలో, ఆంధ్రలో ఇట్లాంటి చావుల వార్త లేని పంట కాలం లేదు.

మా అన్న కొడుకు అడిగిండు, టెక్సాస్‌లో తన పొలంలో పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర లేదు, 2019లో తీసేసినరు, ఇక్కడ ఎందుకు కాదని. అక్కడి పంది బయటి నుంచి తెచ్చిన పంది సంతతి. మన అడవిపంది ఈ మట్టిలోనే పుట్టింది, పులికీ చిరుతకూ అది తిండి. అడవిలో పందులు లేకుంటే పులి మన పశువుల మీద పడతది. అందుకే పందులను తుడిచిపెట్టమని సంఘం అడగదు, నేనూ అడగను. చేనులోకి వచ్చిన దాని సంగతి చూడమని మాత్రమే అడుగుతున్నం.

అట్ల చూడటానికి చట్టంలో దారి లేదా అంటే, ఉన్నది. ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణకు బర్మారు తుపాకి లైసెన్సు ఇవ్వాలంటది, అది చాలదనుకుంటే వేరే నున్నగొట్టం తుపాకికీ ఇవ్వొచ్చంటది. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్, నిలబడి ఉన్న పంటకు ప్రమాదమైతే అడవిపందిని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ అనుమతి ఇవ్వొచ్చంటది. కానీ మొదటి కాగితం ఒక ఆఫీసులో, రెండోది ఇంకో ఆఫీసులో. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదని చాలామంది రైతులకు తెలియదు. రెండు కాగితాలూ చేతికొచ్చేసరికి చేనులో బోదెలే మిగుల్తయి. కేరళ 2022లో ఈ అధికారాన్ని పంచాయతీల దాకా దించింది. అక్కడ కుదిరినప్పుడు ఇక్కడెందుకు కుదరదు?

మా తాత యంత్రానికి అచ్చు మారిస్తే వేరే బోరు తూటా వచ్చేదేమో. మారాల్సిన అచ్చు అది కాదు. మంచె మీది రైతు ఒక్కడే కాపలా కాసుకోవాలనే పాత అచ్చు మారాలి.

అందుకే ప్రభుత్వాలను అడుగుదాం. అడవి అంచు మండలాల్లో అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీ దాకా రావాలి, కొట్టే పని శిక్షణ ఉన్నవాళ్ళు చేయాలి. పంట రక్షణ తుపాకుల్ని ఎన్నికల పేరుతో గంపగుత్తగా లాక్కోవద్దు, ఒక్కో రైతు సంగతి విడిగా చూడాలి. సోలార్ కంచెకు చిన్న రైతుకూ కౌలురైతుకూ సబ్సిడీ ఇవ్వాలి. అది క్షణం పాటు కొట్టి వదులుతది, బెదిరిస్తదే తప్ప ప్రాణం తీయదు. పందులు తిన్న పంటకు పరిహారం ఆ పంట కాలంలోనే చేతికి రావాలి.

మన సభ్యులు కూడా కొన్ని మాటలు గుర్తుపెట్టుకోవాలి. తండ్రి పోయినంక తుపాకిని మంచం కింద దాచొద్దు. వెంటనే ఠాణాలో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ పెట్టి, వారసుని పేర దరఖాస్తు చేయాలి. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకి తెచ్చుకుని 25 ఏళ్ళయినా, బతికుండగానే వారసునికి మార్పించుకోవచ్చు. మా నాయిన ఆ పని చేసి ఉంటే నేను రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగేవాణ్ని కాదు. అటకల మీద పాత డొల్లలు, మందు, యంత్రాలు ఉంటే సంఘం ఆఫీసులో చెప్పండి, వకీలుతో కలిసి అప్పజెప్పుదాం. అన్నిటికన్నా ముందు, చేను చుట్టూ ఉన్న కరెంటు తీగ ఈ రోజే విప్పేయండి. రాత్రి ఆ గట్టు మీద నడిచేది మన మనిషే.