స్త్రీధనము - సెల్‌ఫోను



మన పెద్దలు స్త్రీధనమును పెట్టెలో నుంచి తాళపుఁజెవిని కొంగునఁ గట్టుకొనెడివారు. నేఁడా ధనము బ్యాంకులో నున్నది. దాని తాళపుఁజెవి సెల్‌ఫోనులో నున్నది. ఆ ఫోనో, పొయ్యిగట్టు మీఁదను, పిల్లల చేతులలోను, ఇరుగుపొరుగు యిండ్లలోను స్వేచ్ఛగాఁ దిరుగుచున్నది! 2016లో యూపీఐ పద్ధతి వచ్చిన పిమ్మట కూరగాయల బండివాఁడు సైతము క్యూఆర్ కోడు తగిలించుకొనెను. ఈ సౌకర్యమును నేను నిందింపను. తాళపుఁజెవి యేదో తెలియక పెట్టెను వాడుటయే తగదనుచున్నాను.

ఆ తాళపుఁజెవి పేరు పిన్. అందు నాలుగు గాని యాఱు గాని యంకెలుండును. డబ్బు పంపుటకును, నిల్వ చూచుకొనుటకును అది కావలయును. మనకు డబ్బు వచ్చుటకు మాత్ర మక్కఱలేదు. కోడును స్కాను చేయుటయు నక్కఱలేదు. పాతమంచ మమ్మఁజూపినప్పుడు "సొమ్ము పంపుచున్నాను, పిన్ను కొట్టుఁడమ్మా" యని యెవ్వఁడైన ననెనా, వాఁడు మంచము కొనవచ్చినవాఁడు కాఁడు.

వాల్మీకి రామాయణమున రావణుఁడు సన్న్యాసి వేషమున రాఁగా, సీతమ్మ తన కులమును, కథను నతనికిఁ జెప్పెను. (లక్ష్మణరేఖ మాట వాల్మీకమున లేదు, అది తరువాతివారు చేర్చినది.) ఎందులకుఁ జెప్పెను? వచ్చినవాఁ డతిథి, బ్రాహ్మణుఁడు. బదులీయకున్న శపించునేమో యని. మర్యాదయు, భయమును! నేఁటి దొంగలకును ఈ రెండే సాధనములు. బ్యాంకువార మని మర్యాదగా నమ్మించి ఓటీపీ యడుగుదురు. పోలీసుల మని వీడియోకాలులోఁ గనఁబడి "డిజిటల్ అరెస్టు" చేసితి మని బెదరింతురు. మన దేశపు చట్టములో నట్టి యరెస్టే లేదు. అట్టివారి మాట మధ్యలో ఫోను పెట్టివేయుట యమర్యాద కానేకాదు.

ఇంకొక మాయ కలదు. పెండ్లి శుభలేఖ యనియో, ట్రాఫిక్ చలానా యనియో వాట్సాపులో నొక ఫైలు వచ్చును. దాని పేరు చివర "ఏపీకే" యని యున్నచో నది శుభలేఖ కాదు, యాప్. దానిని తెఱచి, యడిగిన యనుమతుల కెల్ల సరే యన్నచో, బ్యాంకు మనకుఁ బంపు ఓటీపీలను అదియే చదివి దొంగకుఁ జేరవేయును. మనము నోరు విప్పకయే రహస్యము పోవును. శుభలేఖకు మన సందేశములు చదువు ననుమతి యెందులకో యోచింపుఁడు! ఎవరో చెప్పిరని ఎనీడెస్క్ వంటి యాప్‌లను దింపుకొనుటయు నిట్టిదే; మన తెర వారికిఁ గనఁబడును.

ఫోనునకుఁ దాళ మందఱును వేయుదురు. సిమ్మునకు వేయువారు తక్కువ. ఫోను దొంగిలినవాఁడు సిమ్మును మఱొక ఫోనులో వేసికొన్నచో ఓటీపీలు వానికే వచ్చును. సెట్టింగులలో సిమ్ము లాకు ఉన్నది. అయితే కంపెనీవా రిచ్చిన తొలి పిన్ను నడిగి తెలిసికొనియే దాని జోలికిఁ బొండు. మూఁడుమాఱులు తప్పు కొట్టిన సిమ్ము పనిచేయుట మానును.

అసలు చెప్పఁదలఁచిన మాట వేఱు. నే నెఱిఁగిన యొక యిల్లాలు, కుట్టుపనిచేఁ గూడఁబెట్టిన పదునెనిమిదివేల రూపాయలు పోఁగా, భర్త కోపించునని మూఁడు దినములు నోరు మెదపలేదు. నాల్గవ దినమునకు ఖాతాలోని తక్కిన సొమ్మును పోయెను. మోసపోయినదానిని మందలించు మగవారు తెలియకయే దొంగకు మూఁడు దినముల గడువిచ్చుచున్నారు. ఈ మాట వారికిఁ జదివి వినిపింపుఁడు. 2017లో రిజర్వు బ్యాంకు చేసిన నిబంధనలలో, మన యజాగ్రత్తచే రహస్యము పోయినచో బ్యాంకునకుఁ దెలుపువఱకు నష్టము మనదే; తెలిపిన పిమ్మటి నష్టము బ్యాంకుది. కావున సిగ్గుపడిన ప్రతి గడియకును వెల యున్నది.

సొమ్ము పోయెనని తెలిసిన తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలయును, బ్యాంకునకును దెలుపవలయును. దొంగ సొమ్మును తీసికొనకమున్నే ఫిర్యాదు చేరినచో దానిని నిలుపుటకు వీలుండును. మా యింట నా నంబరును పంచాంగపు టట్టమీఁద వ్రాసి యుంచితిమి. ఫోనే పోయిననాఁడు ఫోనులో దాఁచిన నంబరు దొరకదు గదా!