సైకిలు బాటసారికి ఒక అరుగు

రైళ్ళూ, బస్సులూ, కార్లూ వుండగా పనిగట్టుకుని సైకిలు మీద దేశం తిరిగేవాళ్ళు కూడా వుంటారా అని మనలో చాలామందికి అనిపిస్తుంది. వున్నారు. యూరపులో ఎండాకాలం సెలవులు వచ్చాయంటే, సైకిళ్ళకు అటూ ఇటూ సంచులు తగిలించుకుని ఆలుమగలూ పిల్లలూ కలిసి బయలుదేరతారు. ఒక్క డాన్యూబు నది వెంబడే వందల కిలోమీటర్ల సైకిలు బాట వుంది.

వీళ్ళకు రాత్రి బస ఎలాగూ దొరుకుతుంది. ఇబ్బందల్లా పగలే. సంచుల బరువుతో గంటకు 15 కిలోమీటర్లు తొక్కే మనిషికి రెండు గంటలకొకసారైనా కాళ్ళు చాపుకునే చోటు కావాలి. జల్లు పడితే తలదాచుకోవాలి. కాఫీ కొంటేనే కుర్చీ అనే చోటైతే లాభం లేదు. ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా కూర్చోవటానికి దారిపక్క ఒక నీడ వుండటం చిన్న విషయమేమీ కాదు. వీధి అరుగులూ, సత్రాలూ, రచ్చబండలూ ఎరిగిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో, డిల్లింగెన్ చుట్టుపక్కల ఇటువంటి నీడలు ఏడు వెలిశాయి. జీగ్‌ఫ్రీడ్, ఎల్‌ఫ్రీడె డెంజెల్ అనే దంపతుల పేర వున్న ధర్మసంస్థ 2018-2020 మధ్య సైకిలు బాటల పక్కన ఏడు చిన్న ప్రార్థనా మందిరాలు కట్టించింది. ఏడుగురు వాస్తుశిల్పులకు తలా ఒకటి అప్పగించారు. కలపతో కట్టాలి, కూర్చోవటానికి బల్ల వుండాలి, ఒక శిలువ వుండాలి అన్నారు. మిగతాది వాళ్ళ యిష్టం. ఉంటర్‌లీట్స్‌హైమ్ అనే వూరి దగ్గర, అడవి అంచున, జాన్ పాసన్ అనే ఆంగ్లేయుడు 61 డగ్లస్ ఫర్ దుంగలను పేర్చి మందిరం చేశాడు. దూరం నించి చూస్తే కొట్టి ఆరబెట్టిన దుంగల దొంతి అనుకుంటారు.

నాకు దాని అందం కంటే దాని అడుగుభాగం ఎక్కువ నచ్చింది. దుంగలు తడిమట్టికి తగలకుండా కింద కాంక్రీటు దిమ్మ వేశారు. కర్ర కట్టడానికి ఆయుర్దాయమంతా అక్కడే వుంది. కర్ర ముసలిదై చెడదు, తడిసి చెడుతుంది. దాని బరువులో నీరు నూటికి 20 పాళ్ళకు లోపల వున్నంతకాలం పుచ్చబట్టించే బూజు బతకలేదు. నార్వేలో బోర్గుండ్ అనే వూళ్ళో 1180 ప్రాంతంలో కట్టిన కర్ర చర్చి ఈనాటికీ నిలిచి వుంది. అంతకు ముందు తరాలవాళ్ళు స్తంభాలను భూమిలో పాతేవారు. అవి మొదట్లోనే పుచ్చిపోయాయి. తరవాతివాళ్ళు రాళ్ళమీద దూలాలు పరిచి, వాటిమీద స్తంభాలు నిలిపారు. మన మండువా లోగిళ్ళలో టేకు స్తంభం కింద రాతి దిమ్మ పెట్టిన వడ్రంగికి కూడా ఈ రహస్యం తెలుసు.

కలపతో కడితే ప్రకృతికి మేలు అనే మాట ఈమధ్య తరచు వినిపిస్తోంది. మాట నిజమే, కాని దానికో లెక్క వుంది. ఒక ఘనమీటరు మామూలు కలపలో చెట్టు గాలిలోంచి తీసుకున్న బొగ్గుపులుసు వాయువు సుమారు 900 కిలోల పాటి దాగి వుంటుంది. కర్ర నిలిచినన్నాళ్ళు అది అక్కడే వుంటుంది. పుచ్చినా, కాలినా తిరిగి గాలిలో కలుస్తుంది. 60 ఏళ్ళు పెరిగిన చెట్టుతో కట్టిన పాక పదేళ్ళకే కూలిపోతే, వచ్చే ఆదాయానికి ఆరింతలు ఖర్చుపెట్టిన సంసారంలాంటిదే. చెట్టు పెరిగినన్ని ఏళ్ళయినా కట్టడం నిలవాలి.

అందుకు గొప్ప విద్య అక్కర్లేదు. చూరు బాగా బయటికి వుండాలి. కోసిన కొసల నించే కర్ర ఎక్కువ నీళ్ళు పీలుస్తుంది కనక వాటిని కప్పాలి. బల్లచెక్కల మధ్య నీరు జారే సందు వదలాలి. మేకులు దిగగొట్టకుండా మరబోల్టులు బిగిస్తే, పాడైన చెక్క ఒక్కటీ మార్చుకోవచ్చు. సైకిలు ఆనించటానికి ఒక అడ్డకర్ర, అదీ బల్లమీద కూర్చున్నవాడి కళ్ళెదుటే వుండాలి. సామానంతా దానిమీదే వుంటుంది కదా!

ఈ గొడవ మనకెందుకంటారా? హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన సోలారు పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. బాటలు పడ్డాక ఆగే చోట్లూ కావాలి. అయితే బవేరియా నమూనాను యథాతథంగా దింపుకుంటే కుదరదు. అక్కడ చలిగాలికి గోడ అడ్డం పెట్టాలి. ఇక్కడ గాలి ఆడేటట్టు నాలుగువైపులా వదిలెయ్యాలి. అక్కడ బాధ తడి ఒక్కటే, ఇక్కడ చెదలు కూడా. చెదలు మట్టిగొట్టం కట్టుకుంటే గాని రాయి ఎక్కలేవు. కనక దిమ్మ జానెడు ఎత్తు వుంటే ఆ గొట్టం కంటపడుతుంది. చీపురుతో రాల్చి, పుట్ట ఎక్కడుందో చూసుకోవచ్చు.

చీపురన్నాను గనక అసలు సంగతీ చెబుతాను. కట్టించినవారి పేరు పాలరాతి మీద చెక్కించటం మనవాళ్ళు ఎన్నడూ మరవరు. వూడ్చే మనిషి జీతం మాత్రం ఏ పద్దులోనూ కనపడదు. దిక్కులేని నీడలో ఆరునెలల్లో కుక్కలు పడుకుంటాయి, ఏడాదిలో బల్లచెక్కలు ఎవరి పొయ్యిలోకో పోతాయి. మీ వూరి దారిపక్క ఇలాంటిదేదయినా కడుతుంటే ఇంజనీరుగారిని రెండు ప్రశ్నలు అడగండి. స్తంభం దేనిమీద నిలబెడుతున్నారు? వారానికొకసారి వూడ్చేది ఎవరు? రెండింటికీ జవాబు దొరికితే, మీ మనవలు కూడా ఆ బల్లమీద కూర్చుంటారు.