నిలువు దోపిడీ

తిరుమల మొక్కుల్లో నిలువు దోపిడీ అని ఒకటుంది. ఒంటి మీదున్న నగలన్నీ వలిచి హుండీలో వేయడం. మా సేటు భార్య ఒక ఏడు ఆ మొక్కు తీర్చుకున్నది. మెడలో పసుపుతాడు ఒక్కటే మిగిలింది. నేను పక్కనే ఉన్నాను. అప్పటికి వాళ్ల రైస్ మిల్లులో కాటా గుమస్తాను. చుట్టుపక్కల రైతులు మా మిల్లు గురించి అనుకునే మాటా అదే: నిలువు దోపిడీ.

మా కాటాలో తప్పు లేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన కాటాయే. తప్పంతా నా కలంలో ఉండేది. తేమ 17 శాతం దాటిందనీ, తాలు ఉందనీ 40 కిలోల బస్తాకు 2 కిలోలు తరుగు రాసేవాణ్ని. తేమ మిషన్ ముట్టకుండా రాసిన రోజులే ఎక్కువ. రైతు ఎంతసేపని వాదిస్తాడు? పైన మొగులు పట్టి ఉంటుంది, వెనక ట్రాక్టర్లు వరుస కట్టి ఉంటాయి. 100 బస్తాలు తెచ్చినవాడికి 5 బస్తాలు గాలికి పోయేవి.

ఏటా యాసంగి వడ్ల పని ముగిశాక కొండకు పోయేవాళ్లం. కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తే మనసు మీది బరువు కూడా దిగినట్టుండేది. వానాకాలం వడ్లు వచ్చేసరికి జుట్టూ మొలిచేది, తరుగూ మొలిచేది.

రంజాన్‌లో ఉపవాసం ఉండి బస్తాలు మోసే హమాలీ ఒకసారి నాతో అన్నాడు: "అల్లా తన బాకీ మాఫ్ చేస్తడు గుమస్తా సాబ్. మనిషి బాకీ మనిషే మాఫ్ చెయ్యాలె."

అది వాళ్ల మతంలోని మాటే అనుకున్నాను. వాళ్లదొక్కటే కాదని తర్వాత తెలిసింది. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాణ్ని, ముందు పోయి సోదరుడితో సమాధానపడి రమ్మంటుంది మత్తయి సువార్త. యోమ్ కిప్పూర్ నాడు యూదులు కటిక ఉపవాసం ఉంటారు. అయినా తోటివాడికి చేసిన తప్పు, వాణ్ని ఒప్పించుకుంటే తప్ప తీరదంటుంది వాళ్ల మిష్నా. దొంగతనానికి కృచ్ఛ్ర వ్రతం చెప్పిన మనుస్మృతి కూడా సొమ్ము తిరిగి ఇవ్వాలనే అంటుంది.

మొక్కులు వద్దని నేననను. కానీ మనం దేవుణ్ణి పెద్దమనిషిగా కూర్చోబెట్టి, నష్టపోయినవాణ్ని పిలవకుండానే పంచాయితీ తెంపేసుకుంటున్నాం. హుండీలో ఎంత వేసినా ఎవరూ పేరడగరు. రైతు గడపలో మాత్రం పేరు చెప్పాలి, మొహం చూపాలి, తిట్లు పడాలి. మాకు బంగారం వలవడం కన్నా అది కష్టం. అందుకే ఏటా కొండ ఎక్కాం గానీ పక్క ఊరు పోలేదు.

పని మానేశాక నా దగ్గర మిగిలింది ఒక్క సీజను చిట్టా. పోయినేడు అందులోంచి ఒక పేరు పట్టుకుని బయల్దేరాను. 120 బస్తాలు, 240 కిలోల తరుగు. ఆ ఏటి ధర కట్టి డబ్బు కవర్లో పెట్టుకున్నాను. ఇంటాయన పోయి నాలుగేండ్లయిందట. ఆయన భార్య అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది. ఎందుకొచ్చానో చెప్పాను. చేతులు కొంగుకు తుడుచుకుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.

"గిది ఒక్క యేడుదే గద సారూ. కడమ యేండ్లవి?"

కోపంగా అనలేదు. బాకీ అడిగినట్టే అడిగింది. నేను ఆ కాటా దగ్గర కూర్చున్నది ఇరవై మూడేండ్లు.

ఇంటికొచ్చి, దేవుడి గూట్లో కొండ కోసం కట్టిపెట్టిన ముడుపు విప్పాను. మళ్లీ ఆ ఊరి బస్సెక్కాను.