నాన్న కంట్లో ‘డిఫ్’

“పేపర్లో చిన్న అక్షరాలు కూడా చదువుతున్నాను. నాకు కంటి డాక్టర్ ఎందుకురా?”

పోయిన నెల నాన్న అన్న మాట ఇది. ఆయనకు పన్నెండేళ్లుగా షుగర్. రెటీనా పరీక్ష మాత్రం ఒక్కసారి కూడా చేయించుకోలేదు. బతిమాలి తీసుకెళ్లాను.

అక్కడ మిషన్ మీద గడ్డం ఆనించి, లోపల కనిపించే గుర్తునే చూడమన్నారు. సూది లేదు, మందు ఎక్కించడం లేదు. కాసేపటికే రెటీనాలోని రక్తనాళాలు స్క్రీన్ మీద సన్నటి వేళ్లలా పరుచుకున్నాయి. దీన్ని ఓసీటీ యాంజియోగ్రఫీ అంటారు.

ఇదెలా పనిచేస్తుందో చదివితే నాకు ఆఫీసు గుర్తొచ్చింది. పాత కోడ్‌నీ కొత్త కోడ్‌నీ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో ‘డిఫ్’లో చూస్తాం కదా? ఇదీ అంతే. ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఒకే చోటును మిల్లీసెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తుంది. కదలని కణజాలం ప్రతిసారీ ఒకేలా వస్తుంది. నాళాల్లో రక్తకణాలు పరుగెడుతుంటాయి కాబట్టి అక్కడ సిగ్నల్ మారిపోతుంది. ఆ తేడాలతోనే బొమ్మ గీస్తుంది. రక్తం పారుతున్న చోట వెలుగు, పారని చోట చీకటి.

1960ల నుంచి వాడుతున్న పద్ధతి వేరు. చేతి నరంలోకి ఫ్లోరెసిన్ అనే రంగు ఎక్కించి కంటి ఫొటోలు తీస్తారు. కొందరికి వికారంగా ఉంటుంది, ఒళ్లు కాసేపు పసుపు రంగుకి తిరుగుతుంది. అలాగని దాని పని అయిపోలేదు. నాళం నుంచి ద్రవం కారుతోందా అన్నది రంగు పరీక్షే చూపిస్తుంది, ఈ స్కాన్ చూపించలేదు. పైగా కన్ను కదిలితే దీని బొమ్మ చెడుతుంది.

నాన్న బొమ్మ నడిమధ్యన చిన్న చీకటి చోటు ఉంది. అది అందరికీ ఉండేదేనట. దాని పక్కన ఉన్న రెండు నల్ల మచ్చలే ఉండకూడనివి. అక్కడ సన్న నాళాలు మూసుకుపోయాయి.

“మరి నాకేం తెలియలేదే?” అన్నారు నాన్న, ఈసారి మెల్లగా.

“మొదట్లో తెలియదండీ. అందుకే చూపు బాగున్నప్పుడే రమ్మంటాం” అన్నారు డాక్టర్. షుగర్, బీపీ అదుపులో పెట్టుకుని నాలుగు నెలల్లో మళ్లీ కనిపించమన్నారు.

ఈ స్కాన్ అందరికీ అవసరం ఉండదు, అది డాక్టర్ చూసి చెబుతారు. కానీ షుగర్ ఉన్నవాళ్లందరికీ ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పనిసరి. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు “అన్నం తిన్నారా?” తర్వాత ఇంకో ప్రశ్న అడగండి: “కళ్లు చూపించుకుని ఎన్నాళ్లయింది?”