క్షేత్ర పర్యటనా? విహారయాత్రా? - అనంతగిరి తండాల నేపథ్యంలో ఒక అభ్యంతరం

గిరిజన సాహిత్య పరిశోధనలో మనం నిత్యం వాడే పదం ‘క్షేత్ర పర్యటన’. విహారానికి వెళ్ళేవారిని ‘పర్యాటకులు’ అంటున్నాం. రెండింటికీ మూలం ‘అటనం’, అంటే తిరగడం. ఈ పోలిక వ్యుత్పత్తికే పరిమితం కాదని, మన ఆచరణలోనూ ఉన్నదని ఈ వ్యాసం వాదన.

మూసీనది జన్మస్థానమైన అనంతగిరికి సెలవుదినాల్లో హైదరాబాదు నుంచి జనం తరలివస్తారు. పద్మనాభస్వామి ఆలయం, అడవి చూసినవారిలో కొందరికి పరిసరాల్లోని లంబాడీ తండాలు కూడా చూడదగిన వింతలవుతాయి. అద్దాల రవిక ధరించిన వృద్ధురాలి ఫోటోను అడగకుండానే తీసుకొంటారు. దీన్ని మనం తప్పుపడతాం. మరి తీజ్ పండుగనాడు వెళ్ళి, గోధుమ మొలకల బుట్టల చుట్టూ కన్నెపిల్లలు పాడే పాటలను ధ్వనిముద్రణ చేసుకొని సాయంత్రానికి తిరిగివచ్చే పరిశోధకుడు చేస్తున్నదేమిటి? సిద్ధాంతగ్రంథంలో పాట అతని ‘సేకరణ’ అవుతుంది. పాడినామె అనుబంధంలో ఒక ‘వక్త’గా మిగులుతుంది. గోర్‌బోలి మూలం లేకుండా తెలుగు అనువాదం మాత్రమే అచ్చయిన సందర్భాల్లో ఆ పాట ఆమెకే పరాయిదవుతుంది.

‘గిరిజనులు’ అనే మాట కూడా మన చూపును తప్పుదారి పట్టిస్తోంది. లంబాడీలు కొండల్లో ఒంటరిగా ఉండిపోయినవారు కారు. ఎద్దులమీద ఉప్పు, ధాన్యం మోస్తూ దూరదేశాలు తిరిగిన వర్తకులు. రైళ్ళు, రహదారులు ఆ వృత్తిని దెబ్బతీశాక అనేకులు సేద్యంలో స్థిరపడ్డారు. తెలంగాణలో వీరిని షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 1976 చట్టం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అనేక తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. నాయక్, కార్‌భారి వంటి సంప్రదాయ పెద్దలు ఉన్న ఊరికి అనుమతి లేకుండా వెళ్ళడం శాస్త్రీయత ఎలా అవుతుంది?

సేకరించకపోతే పాటలు అంతరించిపోతాయని కొందరంటారు. ఆ భయం నిజమే. కాని పాడేవారికి అందని ప్రతి ఎవరికోసం భద్రమైనట్టు? 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించాక నిజాం ప్రభుత్వం పంపగా ఆదిలాబాదు గోండుల మధ్యకు వచ్చిన హైమెన్‌డార్ఫ్ కూడా బయటివాడే, పైగా పాలకుల పక్షాన వచ్చినవాడు. అయినా ఆయన మార్లవాయిలో నివసించాడు. గోండులకు భూమి పట్టాలు అవసరమని వాదించాడు. గోండీలో బోధించే ఉపాధ్యాయుల శిక్షణకు అక్కడే పునాది వేయించాడు. ఆయన రచనలను ఉటంకించే మనం ఈ బాధ్యతను మాత్రం ఉటంకించం.

కనుక తండాపై వచ్చే ప్రతి వ్యాసాన్ని పరిశీలకులు కొన్ని ప్రశ్నలు అడగాలి. ముందుగా అనుమతి తీసుకొన్నారా? పాడినవారు సమ్మతిస్తే వారి పేరు పాటతోపాటే వేశారా? గోర్‌బోలి పాఠాన్ని తెలుగు లిపిలోనైనా ఇచ్చారా? ప్రతిని తండాకు చేర్చారా? సమాధానం లేని వ్యాసాన్ని తిప్పిపంపాలి. ఈ నియమాన్ని మన పత్రికతోనే ప్రారంభించాలి.