హాలు ఉన్నది, మేళమే లేదు!

ఆరాంఘర్: మన ఊళ్లలో ఆర్కెస్ట్రా అంటే జాతరకో, వినాయక నవరాత్రులకో వచ్చే సినిమా పాటల బృందమని అర్థం. పట్నాల్లో ఆ మాటకు అర్థం వేరు. నెలజీతం మీద ఏడాది పొడవునా కలిసి సాధన చేసే వాద్యకారుల మేళాన్ని అక్కడ ఆర్కెస్ట్రా అంటారు. అలాంటి మేళం వాయించడానికి తగిన హాలు హైదరాబాద్‌కు 1961లోనే వచ్చింది. మేళం మాత్రం నేటికీ రాలేదు. దీనివల్ల పట్నానికి జరిగిన నష్టం కంటె డోలు, సన్నాయి నమ్ముకున్న పల్లె కుటుంబాలకు జరిగిన నష్టమే ఎక్కువ.

శతజయంతి కానుక

విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ 1861లో జన్మించారు. ఆయన శతజయంతి సందర్భంగా రాష్ట్ర రాజధానుల్లో కళామందిరాలు నిర్మించాలని తలపెట్టి కేంద్ర ప్రభుత్వం సాయం అందించింది. బెంగళూరులోని రవీంద్ర కళాక్షేత్ర, నాటి కలకత్తాలోని రవీంద్రసదన్ ఆ వరుసలోనివే. హైదరాబాద్‌లో శాసనసభకు దగ్గరగా, సైఫాబాద్‌లో రవీంద్రభారతి వెలసింది.

ఎందరో మహామహులు ఆ వేదిక ఎక్కారు. అయితే ఆ హాలుకంటూ ఒక వాద్యబృందాన్ని ప్రభుత్వం నియమించలేదు. అద్దె కట్టినవారికి ఒక పూట ఇవ్వడం, మర్నాడు మరొకరికి ఇవ్వడం – ఇదే నాటి నుంచి నడుస్తున్న పద్ధతి. పాట కచేరీ అయినా, సన్మాన సభ అయినా హాలుకు ఒకటే.

జీతమిచ్చింది రేడియో

నగరంలో వాద్యకారునికి నెలనెలా అన్నం పెట్టినది రవీంద్రభారతి కాదు. దానికి కూతవేటు దూరంలో ఉన్న ఆకాశవాణి. నిజాం ప్రభుత్వం 1935లో దక్కన్ రేడియోను తన చేతిలోకి తీసుకొన్నది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రమైంది. వీణ, వయొలిన్, మృదంగం వాయించే నిలయ విద్వాంసులకు అక్కడ కొలువు దొరికింది. పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్ స్వరపరచిన లలిత గీతాలు మన ఊరి రచ్చబండ దాకా వచ్చాయంటే వెనుక ఆ కొలువు ఉన్నది.

ఢిల్లీలో ఆకాశవాణి 1952లో జాతీయ వాద్యబృందాన్ని నెలకొల్పి పండిట్ రవిశంకర్‌కు అప్పగించింది. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి కూడా తరువాతి కాలంలో దానిని నడిపారు. తెలుగువారికి మేళం నడిపే శక్తి లేకపోలేదనడానికి ఇదే నిదర్శనం.

బెర్లిన్‌లో మరో దారి

జర్మనీలోని బెర్లిన్ నగరం కథ ఇందుకు తలకిందులు. 1882లో బిల్సే అనే యజమాని తన వాద్యకారులను నాలుగో తరగతి రైలు పెట్టెలో వార్సా తీసుకుపోతానన్నాడు. 54 మంది అతన్ని విడిచి సొంత మేళం కట్టుకున్నారు. స్కేటింగ్ ఆటకు కట్టిన షెడ్డును బాగుచేసి వారికి హాలుగా ఇచ్చారు. 1944 జనవరిలో బాంబులు పడి ఆ హాలు కూలింది. కొత్త హాలు 1963లో గాని తయారు కాలేదు. పందొమ్మిదేళ్లు ఇతరుల హాళ్లలో వాయించినా మేళం చెదరలేదు. అక్కడ ముందు మనుషులు, తరువాత గోడలు. ఇక్కడ గోడలు లేచి అరవై ఏళ్లు దాటినా మనుషుల మాట ఎత్తినవారు లేరు.

ఒక్క పెట్టె, పది కొలువులు

మనుషులను పోషించే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో మన కళ్లముందే ఉన్నది. ఒకప్పుడు సినిమా పాటకు పదుల సంఖ్యలో వయొలిన్లు కావలసి వచ్చేవి. 1980ల నుంచి కీబోర్డు ఆ స్థానాన్ని ఆక్రమించింది. జాతర ఆర్కెస్ట్రాలోనూ అంతే. పదిమంది వాయించే చోట ఇద్దరు మిగిలారు. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి గాయకుడొక్కడే నిలబడుతున్నాడు. బారాత్‌లో బ్యాండుమేళాన్ని డీజే పక్కకు నెట్టింది.

విమానాశ్రయం 2008లో, మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే 2009లో, జూపార్కు వైపు వంతెన 2025లో వచ్చాయి. శంషాబాద్ రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు లేచాయి. ముహూర్తానికి సన్నాయి నేటికీ కావాలి. అంటే పని ఉన్నది. లేనిదల్లా నిలకడ. పెళ్లిళ్ల నెలల్లో చేతినిండా పని, మూఢం వస్తే పస్తులు. సన్నాయి పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు నేర్చినా నెల గడుస్తుందన్న నమ్మకం లేనప్పుడు ఏ తండ్రి మాత్రం కొడుకు చేతికి సన్నాయి ఇస్తాడు?

డప్పుకు సెగ ఏది?

ఆసుపత్రికి మందులు లేనప్పుడు మేళానికి డబ్బెక్కడిదని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే హాలు నిర్వహణకు ఖర్చు ఎలాగూ అవుతున్నది. ఆ ఖర్చు ఎవరికి ఉపయోగపడుతున్నదన్నదే అసలు ప్రశ్న. వీణ నాదం సన్నగా ఉంటుంది గనుక నాలుగు గోడలు అవసరం. తోలు డప్పు వాయించేముందు మంట సెగకు కాచాలి. ఏసీ హాలులో ఆ మంటకు చోటెక్కడ? మన వాద్యాలను తలచుకొని కట్టిన హాలు కాదని దీన్నిబట్టే తెలుస్తున్నది. యూరప్ పద్ధతి ఆర్కెస్ట్రాను తెచ్చి పెట్టమని ఎవరూ కోరడం లేదు. సన్నాయి, డోలు, డప్పు, వీణ, హార్మోనియం కలిసిన మేళమే మనకు ఆర్కెస్ట్రా.

చేయవలసినవి

రవీంద్రభారతికి చిన్నదైనా జీతాలతో కూడిన శాశ్వత మేళం ఉండాలి. నెలకు ఒక రోజు పల్లె బృందాలకు అద్దె లేకుండా హాలు ఇవ్వాలి. రానుపోను ఛార్జీలు ఇవ్వాలి. 1952 నుంచి నగరంలో నడుస్తున్న ప్రభుత్వ సంగీత కళాశాల వంటి చదువు మండల కేంద్రాలకూ రావాలి.

ప్రభుత్వం చేసే లోపల గ్రామస్థులు చేయగలిగినదీ ఉన్నది. ఈసారి జాతర చందాల లెక్క వేసేటప్పుడు డీజేకు పెట్టే సొమ్ములో సగమైనా ఊరి మేళానికి కేటాయించాలి. హాలు కట్టడం ఒకసారితో అయిపోతుంది. మేళాన్ని మాత్రం ఏటేటా పోషించుకోవాలి.